దుర్గాబాయమ్మ బాలవాడి, మన ఊరి అంగన్‌వాడీ



ప్రతి ఏడూ బడి తెరిచే రోజుల్లో ఒకటో తరగతి చేరికల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటాను. పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వచ్చిన తల్లిని నేను అడిగే మొదటి ప్రశ్న, ఇంతవరకు అంగన్‌వాడీకి పోయినాడా అని. కొందరు పోయినాడంటారు. కొందరు అన్నం పెట్టించుకొని వచ్చేస్తాడు సార్ అంటారు. ఇంకొందరు అక్కడ ఏం చదువు చెప్తారులే సార్ అని నవ్వేస్తారు. ఆ నవ్వుకు జవాబు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మూడేళ్ళ పిల్లలకు ప్రభుత్వం ఒక గది, ఒక టీచరమ్మ, ఇంత తిండి, ఇంత ఆట ఇవ్వాలన్న ఆలోచన దానంతట అది పుట్టలేదు. దాని వెనుక ఎంతోమంది కష్టం ఉంది. అందులో ఒక పెద్ద పేరు మన తెలుగింటి ఆడబిడ్డది. ఈసారి ఆమె జీవితం మీకు చెప్తాను. తీరిగ్గా చదవండి.

ఆమె పేరు దుర్గాబాయి. 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఆ కాలంలో అందరి ఇళ్ళలో జరిగినట్టే ఆమెకూ ఎనిమిదో ఏట పెళ్ళి చేసేశారు. ఎనిమిదో ఏడు అంటే ఇప్పుడు మన బడిలో మూడో తరగతి. ఒకసారి మూడో తరగతి గదిలోకి తొంగిచూడండి, ఆ పిల్లలు ఎంత ఉంటారో తెలుస్తుంది. దుర్గాబాయి గారికి ఊహ తెలిశాక, పదిహేనేళ్ళ వయసులో, ఆ పెళ్ళిలో తాను ఉండలేనని భర్తకు నేరుగా చెప్పి విడిపోయారు. ఆయనను ఇంకో పెళ్ళి చేసుకోమన్నారు. తండ్రి, అన్నదమ్ములు ఆమె మాటకు అడ్డు చెప్పలేదు. వందేళ్ళ కింద ఒక సంప్రదాయ కుటుంబం ఆడపిల్ల మాటకు అంత విలువ ఇచ్చిందంటే, మనం కూడా కాస్త ఆలోచించాలి.

చదువు సంగతీ అంతే. బళ్ళో ఇంగ్లీషులోనే చదవాలని ఒత్తిడి రావడంతో పన్నెండేళ్ళ వయసుకే ఆ బడి మానేశారు. మానేసి ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకున్నారు. తాను నేర్చుకున్నది వీధిలోని ఆడవాళ్ళకు నేర్పడానికి ఇంట్లోనే చిన్న బడి పెట్టారు. అది బాలికల హిందీ పాఠశాల అయ్యింది. తనకంటే రెండింతలు, మూడింతలు వయసున్న స్త్రీలు వచ్చి ఆ పిల్ల దగ్గర అక్షరాలు దిద్దుకున్నారు. మా ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ళం ట్రైనింగులో రెండేళ్ళు నేర్చుకునేదాన్ని ఆమె అవసరం కొద్దీ నేర్చుకున్నారు.

1921లో గాంధీ గారు కాకినాడ వచ్చారు. దేవదాసీ స్త్రీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయనను కలిసి మాట వినాలని దుర్గాబాయి గారి కోరిక. ఆయన సమయం దొరకాలంటే 5 వేల రూపాయలు విరాళం పోగుచెయ్యాలని అక్కడి పెద్దలు షరతు పెట్టారట. పన్నెండేళ్ళ పిల్ల ఇంటింటికీ తిరిగి ఆ డబ్బు పోగుచేసింది. ఐదు నిమిషాలు ఉంటారనుకున్న గాంధీ గారు అంతకంటే చాలాసేపు ఉన్నారు. ఆయన హిందీ ఉపన్యాసాన్ని ఆమె తెలుగులో చెప్పింది. ఆ తర్వాత ఆంధ్రలో ఆయన మాట్లాడిన సభల్లోనూ అనువాదం ఆమెచేతే చేయించారు. వాళ్ళ భాషలో చెప్తేనే మాట లోపలికి పోతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. ఖద్దరు ప్రదర్శన దగ్గర ఆమె వాలంటీరు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి వదలకూడదని ఆమెకు చెప్పి ఉన్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ గారు టిక్కెట్టు లేకుండా వచ్చారు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనిచ్చాకే ఆయన లోపలికి పోయారు. ఆ నెహ్రూ గారి ప్రభుత్వంలోనే ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె పిల్లల కోసం, ఆడవాళ్ళ కోసం పెద్ద సంస్థను నడిపారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో దుర్గాబాయి గారు ముందు నిలబడి నడిపించారు. అరెస్టు అయ్యారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు పోయారు. వేలూరు జైలులో, మదురై జైలులో ఉన్నారు. మదురైలో ఒంటరి గదిలో పెట్టారు. ఆ శిక్ష ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. కానీ జైలులో ఆమె చూసింది వేరే ఉంది. హత్యానేరం మీద శిక్ష పడ్డ ఆడవాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి అక్షరం ముక్క రాదు. తమ మీద ఏం రాశారో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియదు. చదువు లేకపోవడం అంటే ఉద్యోగం లేకపోవడం మాత్రమే కాదని, తన బతుకు మీద తనకే హక్కు లేకపోవడమని ఆమెకు అక్కడ బోధపడింది. బయటికి వచ్చాక రాజకీయాలను పక్కనపెట్టి ముందు తాను చదువుకోవాలని నిశ్చయించుకున్నారు.

అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు దాటాయి. బడి మానేసి పన్నెండేళ్ళు. ఆ వయసులో కూర్చుని కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివి పాసయ్యారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సులో రాజనీతి శాస్త్రం చదవాలనుకున్నారు. అక్కడ ఆడపిల్లలకు హాస్టలు లేదు, కనుక సీటు ఇవ్వలేమన్నారు. ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు. మన పక్కనున్న చిత్తూరు జిల్లా ఆయన. అంతకుముందు మన కోలారు కూడా ఉన్న మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసినవారు. హాస్టలు లేదని అంటే దుర్గాబాయి గారు వెనక్కి పోలేదు. చదవాలని ఆశ ఉండి హాస్టలు లేక ఆగిపోయిన ఆడపిల్లలు తనకు రాయవలసిందని పత్రికలో ప్రకటన ఇచ్చారు. వచ్చిన పదిమందిని కలుపుకొని ఒక ఇల్లు తీసుకుని తామే హాస్టలు పెట్టుకున్నారు. సీటు వచ్చింది. మంచి ర్యాంకుతో పాసయ్యారు. పైచదువుకు లండన్ పోవలసి ఉండగా ప్రపంచయుద్ధం అడ్డం వచ్చింది. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942 నాటికి వకీలు అయ్యారు.

తాను చదువుతూ ఉండగానే ఇంకో పని మొదలుపెట్టారు. 1937లో మద్రాసులో తన ఇంట్లో, మెట్రిక్యులేషన్ రాయాలనుకునే తెలుగు ఆడపిల్లలకు పాఠాలు చెప్పడం. తనలాగా మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ళు, చిన్నప్పుడే పెళ్ళయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు వచ్చారు. అదే ఆంధ్ర మహిళా సభ అయ్యింది. చూశారా, మద్రాసు అప్పటికి అనేక భాషల నగరం. అక్కడి తెలుగు స్త్రీలకు తమ భాషలో చదువు చెప్పే చోటు కావాలి. వేరే భాష ఎక్కువగా నడిచే చోట తెలుగువాళ్ళ చదువు నిలబెట్టడం ఎంత కష్టమో, ఎంత అవసరమో, మాలూరు తాలూకాలో ఉన్న మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ సభ తర్వాత వసతిగృహంగా, ఆస్పత్రిగా, నర్సుల శిక్షణ కేంద్రంగా, చేతిపనుల కేంద్రంగా పెరిగింది. ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదులోనూ శాఖలు వచ్చాయి. కాలేజీలు, ఆస్పత్రి, అక్షరాస్యతా భవనం అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆమెను చిన్నప్పుడు పెళ్ళాడిన ఆ భర్త కొన్నేళ్ళకు చనిపోయారు. ఆయన రెండో భార్య దిక్కులేనిదయ్యింది. దుర్గాబాయి గారు ఆమెను తన దగ్గరికి పిలిపించుకుని, చదువు, చేతిపని నేర్పించి, ఆమె తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేశారు. ఎంతమంది చెయ్యగలరు ఈ పని? నాకైతే ఆమె పదవులన్నిటికంటే ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో స్త్రీలు పదిహేనుమంది. సభాధ్యక్షుడు లేనప్పుడు సభను నడిపే ప్యానెల్‌లో ఉన్న ఏకైక స్త్రీ దుర్గాబాయి గారు. వకీలుగా ఉన్న అనుభవంతో కోర్టుల గురించి, మాతృభాషల గురించి, స్త్రీల ఆస్తిహక్కు గురించి మాట్లాడారు. సవరణలు చాలా ఇచ్చారు. రాజ్యసభకు పోటీ చేసేవాళ్ళ కనీస వయసు 35 నుంచి 30కి తగ్గించాలన్న సవరణ ఆమెదే.

ఆ రాజ్యాంగంలోనే 45వ అధికరణం ఉంది. పదేళ్ళ లోపల, 14 ఏళ్ళు నిండేవరకు పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని దాని సారాంశం. గమనించండి. ఎప్పటివరకో రాశారు గానీ, ఎన్నేళ్ళ వయసు నుంచి అని రాయలేదు. కాబట్టి ఆరేళ్ళ లోపు పిల్లలు కూడా అందులో ఉన్నారని అర్థం చేసుకోవచ్చు. అయితే అది ఆదేశిక సూత్రం. అంటే ప్రభుత్వాలకు దారి చూపించే మాట, కోర్టుకు పోయి అడగదగిన హక్కు కాదు. పదేళ్ళ గడువు 1960తో తీరిపోయింది. పని మాత్రం తీరలేదు. ఇది మనసులో పెట్టుకోండి.

1952లో లోక్‌సభ ఎన్నికలలో ఆమె ఓడిపోయారు. ఓడినవాళ్ళను లోకం మరిచిపోతుంది. కానీ ఆమె పని చూసినవాళ్ళు ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు. అక్కడే అప్పటి ఆర్థికమంత్రి, రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు అయిన చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో పరిచయం. 1953 జనవరిలో వాళ్ళ పెళ్ళి చాలా నిరాడంబరంగా జరిగింది. నెహ్రూ గారు సాక్షి సంతకం పెట్టారు. టిక్కెట్టు లేదని తనను ఆపిన పిల్ల పెళ్ళికి ఆయనే సాక్షి.

ఆ ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి గారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇలాంటి పనులు చేసే స్వచ్ఛంద సంస్థల కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆనకట్టలు, ఫ్యాక్టరీలు, రైళ్ళు అంటూ దేశమంతా మాట్లాడుకుంటున్న కాలం అది. పల్లెలో బాలింత, పసిబిడ్డ, భర్త లేని స్త్రీ, వికలాంగుడు, వీళ్ళ గురించి ప్రణాళికలో ఒక అధ్యాయం ఉండాలని పట్టుబట్టింది ఆమె.

1954 నుంచి పల్లెల్లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలయ్యాయి. సుమారు 25 గ్రామాలకు ఒక ప్రాజెక్టు. అందులో కొన్ని కేంద్రాలు. ఒక్కో కేంద్రంలో గ్రామసేవిక ఉంటుంది. ప్రసవాలు చూసే దాయమ్మ, కుట్టుపని నేర్పే ఆమె ఉంటారు. పొద్దున పిల్లలకు బాలవాడి. మధ్యాహ్నం తల్లులకు అక్షరాలు, కుట్లు. గర్భిణులకు సలహా. పిల్లలకు పాలు. ఇవన్నీ ఒకే చోట. ఇప్పుడు మన ఊరి అంగన్‌వాడీలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే కదా! పిల్లవాడి చదువు, తిండి, ఆరోగ్యం, తల్లి తెలివి, ఇవి నాలుగు వేర్వేరు శాఖల పనులు కావు, ఒకే బిడ్డకు కావలసినవి అన్న ఆలోచన అందులో ఉంది.

ఈ ఆలోచన ఎందుకు గొప్పదో నాకు చాలా ఆలస్యంగా, నా తప్పు వల్ల తెలిసింది. దాన్ని మీతో దాచుకోవలసిన పని లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే ఊళ్ళో పనిచేసేవాణ్ణి. నాలుగో తరగతిలో ఒక అమ్మాయి, లెక్కల్లో చురుకు. రోజూ చంకలో తమ్ముణ్ణి ఎత్తుకొని వచ్చేది. వాడికి రెండున్నరేళ్ళు ఉంటాయి. తల్లిదండ్రులిద్దరూ ఇటుకబట్టీ పనికి పోయేవాళ్ళు. వాడు పాఠం మధ్యలో ఏడ్చేవాడు, పలక మీద నీళ్ళు పోసేవాడు. నాలుగు రోజులు చూసి, వాణ్ణి ఇంట్లో వదిలి రా, లేకపోతే రావద్దు అని గట్టిగా అన్నాను. మరుసటి రోజు నుంచి ఆ అమ్మాయి రాలేదు. రెండు వారాల తర్వాత ఇంటికి పోయి చూస్తే, వాకిట్లో తమ్ముడికి రాగి సంగటి తినిపిస్తూ ఉంది. రమ్మని ఎంత చెప్పినా రాలేదు. వాణ్ణి ఎక్కడ వదలాలి సార్ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఊళ్ళో అప్పటికి అంగన్‌వాడీ లేదు. ఆ అమ్మాయి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. డిగ్రీలో పిల్లల మనస్తత్వం మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ చిన్న ప్రశ్నకు జవాబు ఆ పుస్తకాల్లో దొరకలేదు.

దుర్గాబాయి గారికి ఆ ప్రశ్న ముందే తెలుసు. చిన్నపిల్లలకు ఒక చోటు లేకపోతే పెద్దపిల్ల బడికి రాదు. పెద్దపిల్ల బడికి రాకపోతే రేపు ఆమె పిల్లలకూ అదే గతి. బాలవాడి ఒక్కటి పెడితే ఇద్దరికీ చదువు వస్తుంది. తల్లి నిశ్చింతగా కూలికి పోతుంది. మాలూరు చుట్టుపక్కల పెంకుల ఫ్యాక్టరీలకు, ఇటుకబట్టీలకు, ఇప్పుడు కంపెనీ బస్సుల్లో షిఫ్టులకు పోయే తల్లులకు ఇది విడమరచి చెప్పవలసిన పని లేదు.

1958లో స్త్రీవిద్య మీద కేంద్రప్రభుత్వం వేసిన జాతీయ కమిటీకి ఆమె అధ్యక్షురాలు. మరుసటి ఏడు నివేదిక ఇచ్చారు. ఆడపిల్లల చదువును ప్రత్యేకమైన సమస్యగా చూసి, దానికోసం వేరుగా డబ్బు, వేరుగా యంత్రాంగం పెట్టాలని అందులో అడిగారు. దాని ఫలితంగా స్త్రీవిద్యకు జాతీయ మండలి వచ్చింది. అదే కాలంలో సంక్షేమ బోర్డు ఇంకో మంచి పని మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీలకు రెండు మూడేళ్ళలో పరీక్షకు కట్టించే కుదింపు కోర్సులు. వాటిలో చదివి పాసైనవాళ్ళు టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు, బాలసేవికలు అయ్యారు. బాలవాడి పెట్టాలంటే టీచరమ్మ కావాలి, పల్లెలో చదివిన ఆడమనిషి లేదు. కాబట్టి ముందు ఆ టీచరమ్మను తయారుచెయ్యాలి. ఇరవై నాలుగేళ్ళకు మెట్రిక్ పుస్తకం పట్టిన మనిషికే తట్టే ఆలోచన ఇది.

అంతా ఆమె ఒక్కరే చేశారని నేను చెప్పడం లేదు. గుజరాత్‌లో భావనగర్‌లో గిజూభాయి బధేకా గారు 1920లోనే బాలమందిరం పెట్టి, కొట్టకుండా, భయపెట్టకుండా చిన్నపిల్లలకు నేర్పవచ్చని చూపించారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ గారు మహారాష్ట్రలో బోర్డీ, కోస్బాడ్ ప్రాంతాల్లో అడవిజాతి పిల్లల దగ్గరికే పోయి, వాళ్ళ వాకిళ్ళలో ఆకులు, గింజలు, రాళ్ళతోనే బడి నడిపారు. అంగన్‌వాడీ అన్న పేరు, ఆ పద్ధతి అక్కడి నుంచి వచ్చినవే. ఇటలీ నుంచి మరియా మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. వాళ్ళు పసిపిల్లలకు ఎలా నేర్పాలో చూపించారు. దాన్ని పల్లె పల్లెకు ప్రభుత్వం డబ్బుతో చేర్చే దారి వెయ్యడంలో దుర్గాబాయి గారి చెయ్యి ఉంది.

1974 ఆగస్టులో పిల్లల కోసం మొదటి జాతీయ విధానం వచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 ప్రాజెక్టులతో మొదలయ్యింది. మన కర్ణాటకలో మొదటిది మైసూరు జిల్లా టి. నరసీపుర. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, బడికి ముందు చదువు, ఈ ఆరు సేవలు అంగన్‌వాడీ ద్వారా. ఆ 1975లోనే దుర్గాబాయి గారికి, ఆమె భర్తకు కూడా పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనుకు ఇప్పుడు ఆమె పేరు ఉంది. రోజూ వేలమంది ఆ పేరు వింటారు. ఎవరీమె అని ఎందరు అడుగుతారో!

ఆమె పోయిన తర్వాత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లల బతుకు అక్కడే ఉంది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అయ్యింది. చాలా మంచిదే. కానీ ఆరేళ్ళ లోపు పిల్లలను ఆ హక్కులోకి తీసుకోలేదు. వాళ్ళ సంరక్షణ, చదువు మార్చి రాసిన 45వ అధికరణంలో, మళ్ళీ ఆదేశిక సూత్రంగానే ఉండిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు అన్నంతవరకే చెప్పింది. చెయ్యాలి అనడానికీ చేయవచ్చు అనడానికీ ఎంత తేడా ఉందో, ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు బాగా తెలుసు.

2013లో తొలి బాల్య సంరక్షణ, విద్యకు జాతీయ విధానం వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ళ వరకు పిల్లలందరికీ వర్తించే విధానం అది. అందులో కొన్ని కొలతలు ఇచ్చారు. మీకు ఉపయోగపడతాయి, రాసిపెట్టుకోండి. రోజుకు 3 నుంచి 4 గంటల కార్యక్రమం ఉండాలి. 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకోవడానికి కనీసం 30 చదరపు మీటర్ల చోటు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు 20 మందికి ఒకరు, మూడేళ్ళ లోపువాళ్ళు 10 మందికి ఒకరు చూసుకునేవాళ్ళు ఉండాలి. తాగే నీళ్ళు, పిల్లలకు అందేలా మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు, పడుకునే చోటు, మందుల పెట్టె. అన్నిటికంటే ముఖ్యం, నేర్పేది మాతృభాషలో గానీ స్థానిక భాషలో గానీ ఉండాలి.

2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు వేసింది. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు, అంటే అంగన్‌వాడీ మూడేళ్ళు, ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే దశ అన్నది. ఆరేళ్ళ లోపే మెదడు పెరుగుదల 85 శాతానికి పైగా జరిగిపోతుందని, కాబట్టి 2030 నాటికి పిల్లలందరికీ మంచి పూర్వ ప్రాథమిక విద్య అందాలని లక్ష్యం పెట్టింది. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో బోధించాలని చెప్పింది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన వసతులు కల్పించాలని 1956 నుంచే రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది.

ఇక మన ఊరికి వద్దాం. మన లక్కూరు చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో కాస్త తమిళం. పెద్దయ్యేసరికి మన పిల్లలు మూడు భాషలు గలగలా మాట్లాడతారు. అది మన అదృష్టం. కన్నడం మన రాష్ట్రభాష, మాస్తి గారి వంటి మహానుభావులు పుట్టిన తాలూకా మనది. పిల్లలు కన్నడం బాగా నేర్చుకోవాలి, మన బడిలో నేర్పిస్తున్నాం కూడా. నేను చెప్పేది మూడేళ్ళ పిల్లవాడి సంగతి. వాడికి దాహమేస్తే నీళ్ళు అనే తెలుసు. కడుపు నొప్పి అని తెలుగులోనే చెప్పగలడు. ఎదురుగా ఉన్నవాళ్ళకు ఆ మాట అర్థం కాకపోతే వాడు మూలన కూర్చుంటాడు. మాటలు రాని పిల్లాడేమో అని అందరూ అనుకుంటారు. అలాంటి పిల్లలను నేను ఒకటో తరగతిలో చూశాను. మొదటి రెండు నెలలు నోరు విప్పరు. తెలుగులో పేరు పెట్టి పిలిచి, మీ ఇంట్లో ఆవు ఈనిందా అని అడిగితే కళ్ళు వెలుగుతాయి. ఆ రెండు నెలలు, దానికి ముందు మూడేళ్ళు, వాడికి ఎవరు తిరిగి ఇస్తారు?

ఇంకో పక్క, అప్పు చేసి మూడేళ్ళ పిల్లవాణ్ణి వ్యానెక్కించి పది కిలోమీటర్లు పంపేవాళ్ళు ఉన్నారు. అక్కడ ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో ఏ బి సి డి రాయిస్తారు. వేళ్ళ కండరాలు గట్టిపడని పిల్లవాడికి రాత రుద్దడం చదువు కాదు. ఆ వయసుకు కథ, పాట, మట్టి, నీళ్ళు, గింజలు లెక్కపెట్టడం, తోటిపిల్లలతో పంచుకోవడం, ఇవే చదువు. మీ ఆశను నేను తప్పుపట్టను. మన పిల్లలు మనకంటే బాగుండాలనే కదా ఆ అప్పు. కానీ పునాది తీయకుండా గోడ కట్టరాదని ఇటుకలు చేసే ఊరివాళ్ళకు నేను చెప్పాలా?

కాబట్టి నా మనవి నాలుగు మాటలు. మూడేళ్ళు నిండిన బిడ్డను అంగన్‌వాడీలో చేర్చండి, తిండికోసం మాత్రమే కాకుండా పూర్తి సమయం ఉంచండి. నెలకొకసారి మీరే పోయి, పైన చెప్పిన కొలతలు ఉన్నాయా, నీళ్ళున్నాయా, పిల్లలు ఎంతమంది అని చూడండి. లోటు కనిపిస్తే టీచరమ్మ మీద విరుచుకుపడకండి, చాలా తక్కువ గౌరవవేతనానికి ఎక్కువ పని చేస్తున్నది ఆమె. గ్రామ పంచాయతీలో అర్జీ ఇవ్వండి, రాయడానికి నేను సాయం చేస్తాను. తెలుగు ఇళ్ళ పిల్లలు ఎక్కువగా ఉన్నచోట, వారానికి కొన్ని రోజులు తెలుగు వచ్చిన అవ్వలు, తాతలు పోయి కథలు చెప్పండి. ఎవరి అనుమతి కావాలో నేను అడిగి వస్తాను. ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడడం మానకండి. ఇక పెద్దపిల్లను చిన్నవాణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఆపకండి. ఆపవలసి వస్తే ముందు నాకు చెప్పండి. ఈసారి వాణ్ణి వదిలి రా అని నేను అనను.

ఎనిమిదేళ్ళకు పెళ్ళయి, పన్నెండేళ్ళకు బడి వదిలి, ఇరవై నాలుగేళ్ళకు మళ్ళీ పలక పట్టిన ఒక తెలుగమ్మాయి, తనకు దొరకని బాల్యాన్ని తెలియని ఊళ్ళ పిల్లలకు ఇవ్వాలని పనిచేసింది. రేపు మీ ఊరి అంగన్‌వాడీ ముందు నుంచి పోతున్నప్పుడు ఒకసారి ఆగి లోపలికి చూడండి. పిల్లలు నవ్వుతున్నారా, పాడుతున్నారా, ఊరికే కూర్చున్నారా చూడండి. చూసింది బడికి వచ్చి నాకు చెప్పండి. మంచిదైతే సంతోషపడదాం, కాకపోతే కలిసి పోయి అడుగుదాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు